పూతరేకుల కారులో తీపి వాసన

మా గోదావరి జిల్లాల్లో కారు హీటర్ గురించి మాట్లాడితే నవ్వుతారు. నేనూ నవ్వినవాణ్ణే. రాజమండ్రిలో ఒకే వర్క్‌షాపులో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి, చివరి పదేళ్లూ హెడ్ మెకానిక్‌గా ఉండి రిటైరయ్యాను. అన్నేళ్లలో హీటర్ పనిచెయ్యడం లేదని మా గేటులోకి వచ్చిన కారు ఒక్కటి కూడా లేదు. ఏసీ చల్లగా రావడం లేదని మాత్రం రోజూ వచ్చేవి. అందుకని పనిలో కొత్తగా చేరినవాళ్లకు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర గీత ఉన్న నాబ్ చూపించి, "దీన్ని కాశ్మీరు వాళ్ల కోసం పెట్టారు, మనకు సంబంధం లేదు" అని చెప్పేవాణ్ణి. అదొక జోకు. ఏటా చెప్పేవాణ్ణి.

ఆ జోకును నేనే నమ్మడం వల్ల ఒకావిడ చెయ్యి విరిగింది. ఒక మనిషికి ఉద్యోగం, దానితో పాటు పరువూ పోయాయి. ఇప్పుడు ఈ పనిలో ఉన్న కుర్రవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఏవో సందేహాలు అడుగుతుంటారు. ఈ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ముందు ఆ వస్తువేమిటో చెబుతాను. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు (కూలెంట్ అంటాం) ముందున్న పెద్ద రేడియేటర్‌లోకి వెళ్తాయని అందరికీ తెలుసు. వాటిలో కొన్ని రెండు రబ్బరు గొట్టాల గుండా కారు లోపలికి కూడా వస్తాయి. డ్యాష్‌బోర్డు వెనక, మధ్య నుంచి కాస్త ఎడమకు, రెండు అరచేతులంత చిన్న రేడియేటర్ ఒకటి ఉంటుంది. అదే హీటర్ కోర్. నాబ్‌ను ఎరుపు వైపు తిప్పితే గాలి దాని మీదుగా వచ్చి వెచ్చబడుతుంది. నీలం వైపు ఉంచితే లోపల ఒక తలుపు దాన్ని మూసేస్తుంది. తలుపు మూసినా తెరిచినా వేడి నీళ్లు మాత్రం అందులో తిరుగుతూనే ఉంటాయి. మనం వాడకపోయినా అది పనిలోనే ఉంటుంది. నేను మరిచిపోయింది సరిగ్గా ఈ ఆఖరి మాటనే.

ఆ కారు ఆత్రేయపురం నుంచి వచ్చేది. యజమానురాలికి అప్పటికి యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక పూతరేకుల వ్యాపారాన్ని తానే పెంచి, పదిమంది ఆడవాళ్లకు పని కల్పించారు. వ్యాపారం అంత పెద్దదైనా పొద్దున్నే మొదటి కుండ మీద రేకు తానే తీసేవారు. బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్క లాగు లాగితే కాగితంలాంటి రేకు లేచి రావాలి. ఆ లాగులో ఆవిడ మణికట్టుకు సాటి లేదని అక్కడివాళ్లు అనేవారు.

డ్రైవరుదీ ఆ ఊరే. నలభై ఏళ్లుంటాయి. పదకొండేళ్లుగా ఆవిడ దగ్గరే చేస్తున్నాడు. రాజమండ్రి, కాకినాడ, యానాం షాపులకు డబ్బాలు చేరవేసేవాడు. మాట తక్కువ. కానీ కారులో చిన్న చప్పుడు మారినా వచ్చి చెప్పేవాడు. అలాంటి డ్రైవర్లంటే మెకానిక్‌లకు గౌరవం ఉండాలి. నిజం చెప్పాలంటే విసుగు ఉంటుంది.

తొలకరి పడిన నాలుగు రోజులకు వచ్చాడు.

"మేస్త్రి గారండి, వాన పడ్డప్పుడు ముందద్దం తెల్లబడిపోతుందండి. లోపలి వైపు. గుడ్డతో తుడిస్తే పోదు, ఇంకా పాముకుంటుంది. ఏదో తియ్యటి వాసన. కళ్లు మండుతున్నాయండి."

"పూతరేకులు మోసే కారులో తియ్యటి వాసన రాకపోతే అప్పుడు రావాలయ్యా నువ్వు," అన్నాను.

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. అతను నవ్వలేదు.

"అద్దం మసకేస్తే ఏసీ వేసుకోవచ్చు కదా?"

"అమ్మగారికి ఏసీ పడదండి, కీళ్ల నొప్పులు. వానలో ఏసీ ఆపేసి వేడి గాలి అద్దం మీదికి పెడతానండి. ఇదివరకు అలా పెడితే రెండు నిమిషాల్లో తేటపడేది. ఇప్పుడు అలా పెడితేనే తెల్లబడుతుంది."

ఇది చదువుతున్న మెకానిక్ ఎవరైనా ఇక్కడే జవాబు చెప్పేయగలడు. రోగం పేరు తప్ప మిగతాదంతా అతనే చెప్పాడు. నాకు వినబడింది ఒక్కటే.

"హీటర్ వేస్తున్నావా? ఈ ఊళ్లో?" అన్నాను. మళ్లీ నవ్వులు.

మా రిసెప్షన్‌లో జాబ్ కార్డులు రాసే ఆవిడ ఒకరుండేవారు. డ్రైవర్లు చెప్పింది చెప్పినట్టు రాయడం ఆవిడ అలవాటు. 'వాన పడినప్పుడు, వేడి గాలి పెట్టినప్పుడు అద్దం తెల్లబడుతోంది. తీపి వాసన. కళ్ల మంట' అని రాశారు. ఆ మధ్యాహ్నం ఎండ దంచేస్తోంది. నేను కారు తీసుకుని, ఏసీ పూర్తి చల్లదనంలో పెట్టుకుని, బైపాస్ దాకా వెళ్లి వచ్చాను. అద్దం అద్దంలాగే ఉంది. కార్డు మీద 'లోపం కనబడలేదు' అని రాసి సంతకం పెట్టాను.

ఆవిడ కార్డు చూసి, "వాన పడినప్పుడని రాశానండి. మీరు ఎండలో చూశారు," అన్నారు.

"ఇప్పుడు వాన ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

"వాన లేకపోతే పోనీండి. వేడి గాలి పెట్టి చూశారా?"

నేను వినబడనట్టు పైకి వెళ్లిపోయాను. అప్పటికి పదహారు కార్లు లైనులో ఉన్నాయి. అది సాకు కాదు, ఉన్న మాట. ఆ మాట నిజమే అయినా సాకుగానే పనికొచ్చింది.

రెండోసారి ఆషాఢంలో వచ్చారు. ఈసారి యజమానురాలు కూడా వచ్చారు. బానెట్ ఎత్తి చూస్తే కూలెంట్ డబ్బాలో మట్టం బొటనవేలంత తగ్గి ఉంది. కింద చుక్క కారిన గుర్తు లేదు. పాత బండి, కొంచెం తాగుతుందిలే అనుకుని పైన నింపించాను. కారు కింద చుక్క పడకుండా కూలెంట్ తగ్గితే అది ఎక్కడికి పోతోందని అడగాలి. అది ప్రతి మెకానిక్‌కూ మొదటి ఏడాదే చెప్పే ప్రశ్న. నేనే చెప్పేవాణ్ణి.

ఆవిడ కారు తలుపు తెరిచి పట్టుకుని, "ఇది మా సరుకు వాసన కాదండి," అన్నారు. "బెల్లం వాసన నాకు తెలుసు, పంచదార పాకం వాసన తెలుసు, నెయ్యి కాగిన వాసన తెలుసు. ఇది తియ్యగానే ఉంది గానీ తినేది కాదు."

"ఎండకు సీట్ల కవర్లు అలా వాసన వేస్తాయండి, ఒకసారి లోపలంతా కడిగించేస్తాను," అన్నాను. చాలా మర్యాదగానే అన్నాను. నా మొహంలో నవ్వు ఆవిడకు కనబడిందని చాలా రోజుల తర్వాత తెలిసింది.

లోపల కడిగించాం. ఎడమ వైపు చాప కింద కార్పెట్ తడిగా ఉందని కడిగినతను చెప్పాడు. ఏసీ నీళ్లు పోయే గొట్టం పూడుకుందేమో చూడమన్నాను. అతను దాన్ని ఊది శుభ్రం చేశాడు. కార్డు మీద మళ్లీ అదే మాట రాశాను.

శ్రావణ మాసంలో వాళ్లకు సరుకు ఎక్కువగా పోతుంది. ఒక సాయంత్రం యానాంలో షాపులకు డబ్బాలు వేసి తిరిగి వస్తున్నారు. ఆవిడ వెనక సీట్లో నిద్రపోతున్నారు. ఊరు ఇంకో మూడు మైళ్లుందనగా కాలవ గట్టు మీద వాన పట్టుకుంది. రోడ్డు పక్కన ఆపి ఉన్న ట్రాక్టర్ ట్రక్కును కారు గుద్దింది. వేగం పెద్దగా లేదు కాబట్టి ప్రాణాలకేమీ కాలేదు. కారు ముందు భాగం నలిగింది, అద్దం పగిలింది. ఆవిడ ముందు సీటు మీదికి వెళ్లి పడటంతో కుడి చెయ్యి మణికట్టు దగ్గర రెండు చోట్ల విరిగింది.

అద్దం ఒక్కసారిగా తెల్లబడిందని, బ్రేకు మీద కాలు వేసేలోపే ట్రక్కు తగిలిందని డ్రైవరు చెప్పాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. చొక్కా నుంచి తియ్యటి వాసన వస్తోంది. పైగా వస్తున్నది యానాం నుంచి. మందు చవక కాబట్టి చుట్టుపక్కల వాళ్లు యానాం ఎందుకు వెళ్తారో అందరికీ తెలుసు. కారును లాగడానికి వచ్చినవాళ్లలో ఎవరో ఆ మాట అననే అన్నారు. తెల్లవారేసరికి అది కాలవ లాకుల దగ్గరి టీ కొట్టుకు చేరింది.

కారును మా షాపుకే తెచ్చారు. నాలుగో రోజున ఆవిడ చేతికి కట్టుతో వచ్చారు. డ్రైవరు రాలేదు. ఆవిడ కూర్చోలేదు.

"ఒక్కటే అడుగుతానండి. అద్దం అలా ఉన్నట్టుండి తెల్లబడుతుందా?"

"వానలో మసక రావడం మామూలేనండి. ఉన్నట్టుండి కనబడకుండా పోవడమనేది ఉండదు. పదకొండేళ్లు నడిపిన మనిషికి ఆ మాత్రం తెలియాలి."

"రెండుసార్లు మీ దగ్గరికి వచ్చి చెప్పాడు కదా."

"రెండుసార్లూ చూశానండి. ఏమీ లేదు." పక్కనున్న ఫైలు తీసి రెండు కార్డులూ చూపించాను. నా చేతిరాత, నా సంతకం.

ఆవిడ వాటిని ఎడమ చేత్తో పట్టుకుని చదివారు. "తాగలేదంటున్నాడు. నేను పడుకున్నాను, చూడలేదు. మీరేమో బండి బాగుందంటున్నారు," అన్నారు. అంతే. ఆ సాయంత్రమే అతన్ని మానిపించారని తర్వాత విన్నాను. నేను అతను తాగాడని ఎక్కడా అనలేదు. చాలా రోజులు ఆ సంగతి నాకు గొప్ప ఊరటగా ఉండేది.

బాడీ పని మూడు వారాలు పట్టింది. కొత్త రేడియేటర్, కొత్త మూత, కొత్త కూలెంట్ వేశాం. ఏసీ ముందు భాగం కూడా మార్చాం గానీ అందులో గ్యాస్ నింపే అతను సెలవులో ఉన్నాడు. వచ్చే వారం వచ్చి నింపుతామని చెప్పి, ఆవిడకు డ్రైవరు లేడు కాబట్టి కారు నేనే తీసుకెళ్లి అప్పజెబుతానన్నాను. పాత ఖాతాదారు, బాగుండదని.

ధవళేశ్వరం బ్యారేజీ దాటేటప్పుడు మబ్బు పట్టింది. బొబ్బర్లంక దాటి కాలవ వెంట తిరిగాక వాన మొదలైంది. అద్దం మసకేసింది. ఏసీ నాబ్ మీద చెయ్యి వేశాక అందులో గ్యాస్ లేదని గుర్తొచ్చింది. కిటికీ దించితే వాన లోపలికి కొడుతోంది. ఇంక మిగిలింది ఒక్కటే దారి. జీవితంలో మొదటిసారి ఆ ఎర్ర గీత వైపు నాబ్ తిప్పి, గాలిని అద్దం మీదికి పెట్టాను.

అర నిమిషం ఏమీ లేదు. తర్వాత డ్యాష్‌బోర్డు చీలికలోంచి సన్నటి పొగలాంటిది లేచింది. అద్దం కింది నుంచి పైకి తెల్లబడుతూ పోయింది. పాలు పోసినట్టు. చేత్తో తుడిస్తే జిడ్డుగా పాముకుంది. నాకు రోడ్డు కనబడలేదు. ఎదురుగా ఏదో హారను వినబడింది గానీ ఎంత దూరంలోనో తెలియలేదు. బ్రేకు తొక్కి, ఎడమకు తీసి, కాలవ ఎంత దగ్గరో తెలియకుండానే ఆపాను. తలుపు తెరిచి చూస్తే టైరుకూ గట్టు అంచుకూ మధ్య గజం లేదు.

అప్పుడు వాసన తెలిసింది. తియ్యగా ఉంది. తినేది కాదు.

కళ్లు మండుతున్నాయి. ఎడమ వైపు చాప ఎత్తి కార్పెట్ నొక్కితే వేళ్లకు పచ్చటి జిగురు అంటుకుంది. ఏసీ నీళ్లయితే రంగు ఉండదు, జిగురూ ఉండదు. ఇది కూలెంట్, దాని వాసనే తీపి. కొత్త మూత వెయ్యడంతో లోపల ఒత్తిడి సరిగ్గా నిలిచింది. పాత మూత ఉన్నప్పుడు ఊరుతున్నది ఇప్పుడు చిమ్ముతోంది. నా మరమ్మతు బాగానే ఉందన్నమాట. హీటర్ కోర్ చిల్లు పడిన కారును ముచ్చటగా పాలిష్ చేసి తీసుకెళ్తున్నాను.

మా ఓనరుకు ఫోన్ చేశాను. ఆయన మంచివాడే. విషయమంతా విని, "గుద్దినప్పుడు పగిలిందని చెప్పండి," అన్నాడు. "ఇన్సూరెన్సులోనే పెట్టేద్దాం. రేపు బండి వెనక్కి తెప్పించి మార్చేద్దాం. మనకూ మాట రాదు, ఆవిడకూ భారం ఉండదు."

అది అబద్ధమని కూడా అనిపించనంత బాగుంది. గుద్దినప్పుడు అలాంటివి పగులుతాయి. ఎవరూ అడగరు. నా రెండు సంతకాలూ అలాగే నిలబడి ఉంటాయి. డ్రైవరు సంగతి అతని ఖర్మ. ఇంకో ఎనిమిది నెలల్లో నా రిటైర్మెంటు. పది నిమిషాలో, ఇంకా ఎక్కువో, కారులో కూర్చుని వాన చూశాను. నేను చాలా గొప్పగా ఆలోచించానని చెప్పను. నాకు పదే పదే గుర్తొచ్చింది ఆ టైరుకూ గట్టుకూ మధ్య ఉన్న జాగా. నేను తాగి లేను. ఇంజన్ల గురించి నాకు తెలిసినదాంట్లో అతనికి పదో వంతు తెలియదు. అయినా అతను పదకొండేళ్లలో ఒక్కసారి చేసిన పనిని నేను మొదటిసారే చెయ్యబోయాను.

నాబ్ నీలం వైపు తిప్పి, కిటికీలు దించుకుని, తడుస్తూ ఆత్రేయపురం చేరాను.

ఆవిడ వసారాలో కుర్చీ వేసుకుని ఉన్నారు. ఎదురుగా ముగ్గురు ఆడవాళ్లు కుండల దగ్గర కూర్చుని రేకులు తీస్తున్నారు. కొబ్బరి మట్టల మంట. ఆవిడ కుడి చెయ్యి కట్టుతో ఒళ్లో ఉంది. తువ్వాలు ఇప్పించి, టీ పెట్టమని లోపలికి చెప్పబోయారు.

"టీ వద్దండి. ముందు ఒక మాట వినండి," అని నిలబడే చెప్పాను. కోర్ అంటే ఏమిటో, అద్దం ఎందుకు తెల్లబడుతుందో, గట్టు మీద నాకేం జరిగిందో చెప్పాను. ఈ లోపం గుద్దక ముందు నుంచే ఉందని కూడా చెప్పాను.

కుండల దగ్గర ఆడవాళ్లు గుడ్డలు ఆపి చూస్తున్నారు.

"వాసన గురించి నేను చెప్పానండి," అన్నారు ఆవిడ.

"చెప్పారండి."

"మీరు నవ్వారు."

"నవ్వానండి."

"మీరు పెద్ద మెకానిక్కని మీ మాట మీద వాడి మాట తీసేశాను. నా ముక్కును కూడా తీసేశాను." కోపంగా అనలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆవిడ కోప్పడి ఉంటే నాకు సులువుగా ఉండేది. "ఇక్కడ నాకు చెప్పి ఏం లాభమండి. తాగాడన్న మాట పుట్టింది ఇక్కడ కాదు. పదండి."

అలాగే కారెక్కించుకున్నాను. దారిలో ఆవిడే చెప్పారు, తాగి గుద్దాడన్న పేరు రావడంతో ఎవరూ అతనికి బండి ఇవ్వలేదని, రావులపాలెం అరటికాయల మార్కెట్లో గెలలు మోస్తున్నాడని.

వాన వెలిసింది. మార్కెట్లో లారీ దగ్గర అతను కనబడ్డాడు. భుజం మీద గోనె మడత వేసుకుని, ఒక్కో గెలా ఎత్తి పైకి అందిస్తున్నాడు. ఆవిణ్ణి చూసి గెల దించాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఆవిడ అతన్ని కారు ఎక్కమన్నారు. అతను కదల్లేదు.

"పని మధ్యలో ఉందండి."

"మేస్త్రి గారు నీ గురించి నలుగురిలో ఒక మాట చెప్పాలంటున్నారు. లాకుల దగ్గరికి రా."

అతను గోనె లారీ మీద వేసి వచ్చి కారులో కూర్చున్నాడు.

లాకుల దగ్గర టీ కొట్టులో సాయంత్రం పూట కార్ల డ్రైవర్లు, ట్రాక్టర్ల వాళ్లు ఓ పదిహేను మంది ఉంటారు. ఆ రోజూ ఉన్నారు. నేను ఉపన్యాసాలిచ్చే మనిషిని కాదు. "ఆ రోజు ఈయన తాగలేదండి. కారులో లోపం ఉంది. రెండుసార్లు నాకు చెప్పారు. నేను సరిగ్గా చూడకుండా బాగుందని రాశాను. తప్పు నాది," అన్నాను. అప్పటిదాకా అతన్ని నువ్వు అనే పిలిచేవాణ్ణి. ఆ మాటల్లో ఎందుకో ఈయన అని వచ్చింది.

ఒకాయన టీ గ్లాసు కింద పెట్టి, "మేమూ అనుకున్నామండి, అతను అలాంటివాడు కాదని," అన్నాడు. అలా అనుకున్నవాళ్లు ఆ కొట్టులో అప్పటిదాకా ఒక్కరూ లేరని అందరికీ తెలుసు.

డ్రైవరు మాత్రం నన్ను ఒక్కటే అడిగాడు. "మరి ఎండలో ఎందుకు రాలేదండి?"

బల్ల మీద టీ గ్లాసులు పెట్టి చూపించాను. ఇది కోర్, ఇది తలుపు, ఇటు తిప్పితే గాలి ఇలా వెళ్తుంది, అటు తిప్పితే అలా. శ్రద్ధగా విన్నాడు. క్షమించానని గానీ, ఫర్వాలేదని గానీ అనలేదు. నేనూ అడగలేదు.

"మళ్లీ బండెక్కుతావా?" అని ఆవిడ అడిగారు.

"ముందు దాన్ని విప్పమనండి. నేను చూడాలి," అన్నాడు.

హీటర్ కోర్ మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదియ్యాలి. స్టీరింగు దించాలి, ఏసీ పెట్టె బయటికి తియ్యాలి. రెండు రోజుల పని. అతను రెండు రోజులూ పొద్దున బస్సుకు వచ్చి, మా షాపులో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. విప్పకముందు పరీక్ష చేసి చూపించాను. రేడియేటర్ మూత తీసి అక్కడ గేజి ఉన్న చిన్న పంపు బిగించి గాలి కొడితే ముల్లు పైకి లేచి, కాసేపటికి దానంతట అదే కిందికి జారింది. పావుగంట పని. ఆ పంపు మా గోడకే వేలాడుతూ ఉండేది. మొదటి రోజే నేను దాన్ని అందుకుని ఉంటే ఈ కథ లేదు.

రెండో రోజు మధ్యాహ్నం కోర్ బయటికి వచ్చింది. ఒక మూల తెల్లటి పొడి పెచ్చులు కట్టి, గోటితో గీరితే రాలుతోంది.

"ఇలా ఎందుకవుతుందండి?"

"ఉప్పు నీళ్లు తినేశాయండి. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తూ పోతే లోపల అల్యూమినియం ఇలా అయిపోతుంది."

"బోరు నీళ్లు ఎవరు పోశారండి?"

ఆ కారు సర్వీసు కార్డులన్నీ మా దగ్గరే ఉన్నాయి. మొదటి ఏడేళ్లూ, మాకు కూలెంట్ డబ్బాలు వాడే అలవాటు వచ్చేదాకా, వెనకాల బోరు కుళాయికి పైపు తగిలించి నింపేవాళ్లం. "మేమేనండి," అన్నాను.

రిసెప్షన్ ఆవిడ నేను సంతకం పెట్టిన రెండు జాబ్ కార్డులూ తెచ్చి నా ముందు పెట్టారు. నేను పెన్ను తీసి, రెండిటి మీదా 'లోపం కనబడలేదు' కొట్టేసి, 'హీటర్ కోర్ లీకు. మొదటే చూడలేదు' అని రాసి తేదీ వేశాను. ఆవిడ వాటిని ఫైలులో పెట్టేసుకున్నారు. మా ఓనరు రెండు రోజులు నాతో పొడిపొడిగా మాట్లాడాడు. తర్వాత కోర్ ఖర్చు షాపే పెట్టుకుంటుందని ఆయనే ఆత్రేయపురం ఆవిడకు ఫోన్ చేసి చెప్పాడు.

పనిలో ఉన్నవాళ్ల కోసం ఇక్కడ నాలుగు ముక్కలు. కూలెంట్‌ను పైన నింపుకుంటూ పోకండి, కంపెనీ చెప్పిన గడువుకు పాతది తీసి కొత్తది వెయ్యండి. కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటరే కలపండి. మట్టం తగ్గుతూ కింద చుక్క కనబడకపోతే ముందు సీటు చాప ఎత్తి చూడండి. ఇప్పుడు స్కానర్లు వచ్చాయి, కానీ ఈ లీకును ఏ స్కానరూ చెప్పదు. కారులో కూర్చున్నవాళ్లు చెబుతారు. ఏడాదికి రెండుసార్లయినా ఆ నాబ్ ఎరుపు వైపు తిప్పి చూడండి.

తర్వాతి సంగతులు కూడా చెప్పేస్తాను. అతను ఆ కారెక్కాడు. ఇప్పటికీ ఆవిడ దగ్గరే ఉన్నాడని విన్నాను. ఆవిడ మణికట్టు అతుక్కుంది గానీ పూర్తిగా తిరగడం లేదు. రేకు తియ్యడం మానేశారు. మిగతావాళ్లు తీసిన రేకుల్ని వెలుతురుకు పట్టి చూసి, పనికొచ్చేవీ రానివీ వేరు చేస్తారట. నేను రిటైరైన రోజున ఆవిడ దగ్గర నుంచి ఒక పెద్ద డబ్బా వచ్చింది. ఉత్తరమేమీ లేదు. షాపులో అందరికీ పంచాను.

ఆ రెండో రోజు సాయంత్రం డ్యాష్‌బోర్డు బిగించడం అయ్యాక, చేతులు కడుక్కుని వచ్చేసరికి అతను పాత కోర్‌ను చేతిలో పట్టుకుని తిప్పి చూస్తున్నాడు.

"ఇది మీకు అవసరమాండి?"

"తుక్కులో వేస్తామండి. ఏం, కావాలా?"

"ఇంటికి తీసుకెళ్తానండి." మళ్లీ ఆ తెల్లటి మూల వైపు చూశాడు. "ఆ రాత్రి మా ఆవిడ నా చొక్కా వాసన చూసిందండి. అప్పణ్ణుంచి నాతో మాట్లాడటం లేదు. టీ కొట్టు దగ్గర మీరన్నది కూడా విందట, అయినా నమ్మలేదు. నేనే మిమ్మల్ని పిలిపించి అనిపించానని పక్కింటివాళ్లతో అంటుందట."

"నేను వచ్చి చెబుతానండి," అన్నాను. "రేపే వస్తాను. ఇంటికొచ్చి ఆవిడతోనే చెబుతాను."

అతను తల అడ్డంగా ఊపాడు.

"మీరొస్తే మీరూ నా వైపు మనిషేననుకుంటుందండి. ఇదైతే ఎవరి వైపూ కాదు కదా."

తెల్లపెచ్చులు రాలకుండా ఆ కోర్‌ను పాత పేపర్లో చుట్టి, సంచిలో పెట్టుకుని, బస్సు కోసం ఆర్టీసీ కాంప్లెక్సు వైపు నడిచాడు.